పిలుపు రాని అభ్యర్థిని

ఇరవై ఏళ్ళ వయసులో మనకు ఏది చేతకాదో మనకే తెలియదు. ఆ రోజుల్లో నాకున్న ఏకైక ధైర్యం ఆ తెలియకపోవడమే. ఇప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలకు ఆమ్లాలూ క్షారాలూ చెప్పుకుంటూ, చీర కొంగుకు అంటిన సుద్దపొడి దులుపుకుంటూ తిరిగే నన్ను చూపించి, ఈవిడ ఒకప్పుడు దేవుణ్ణి గురించి చదవడానికి దరఖాస్తు పెట్టుకుందని చెబితే మా స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ నమ్మరు. (చెప్పి చూశాను. నవ్వి, టీ తాగేసి, జీతాల సంగతిలోకి వెళ్ళిపోయారు.) ఆ పిల్లను తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. నవ్వు అయిపోయాక కాసేపు ఏమీ తోచదు.

పుంగనూరు నుంచి రోజూ బస్సులో మదనపల్లెకు పోయి బి.ఎస్సీ. కెమిస్ట్రీ పూర్తి చేశాను. మా నాయన పాలకేంద్రంలో అటెండరు. మా వంశంలో నెల జీతం చూసిన మొదటి మనిషి ఆయనే. అంతకు ముందంతా కూలి పనే. కాబట్టి ఆయన లెక్కలో డిగ్రీ తర్వాత బి.ఇడి., బి.ఇడి. తర్వాత టీచరు ఉద్యోగం, ఆ తర్వాత ప్రపంచంలో ఇంకేమీ లేదు. అట్లాంటి రోజుల్లో ఒక ఆదివారం మా చర్చి నోటీసు బోర్డు మీద ఒక కాగితం చూశాను. వేదాంత విద్య, బి.డి. కోర్సు, స్త్రీలు కూడా అర్హులు. ఆ 'కూడా' అన్న మాట నన్ను పట్టుకుంది. ఇంటికొచ్చి, బి.డి. చదువుతానని చెప్పాను. మా నాయన చాలాసేపు ఆలోచించి, "బి.ఇడి.లో ఇ యాడికి పోయిందమ్మా?" అని అడిగాడు. ఎదురింటి ముస్లిం పెద్దావిడ, వీధంతా ఖాలా అని పిలిచే ఆమె, వాళ్ళ అరుగు మీద కూర్చుని రోజంతా బీడీలు చుట్టేది. నా చదువు సంగతి వీధిలో పాకేసరికి ఆమె నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, బీడీకి కాలేజీ దేనికి బేటీ, ఆకు కత్తిరించేది రెండు రోజుల్లో నేనే నేర్పిస్తా కదా అంది. ఆమె నిజంగానే నా మేలు కోరి చెప్పింది. నేను ఎంత వివరించినా, పాపం పెద్ద చదువు చదివి కూడా ఈ పనికే వస్తోందనే ఆమె జాలి మాత్రం తగ్గలేదు.

ఆ కోర్సు మీద నాకెందుకంత ఆశో అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. అంతకు రెండేళ్ళ ముందు మా తాత పోయాడు. మా అవ్వ చిన్నప్పటి నుంచీ చర్చికి పోయేది. తాత ఏనాడూ గడప తొక్కలేదు. గంగమ్మ జాతరలో పలక, అంటే డప్పు, కొట్టేవాడు, సాయంత్రమైతే కాస్త తాగేవాడు, అవ్వను మాత్రం ఒక్క మాట అనేవాడు కాదు. ఆదివారం ఆమెను చర్చి గేటు దాకా దిగబెట్టి, ప్రార్థన అయ్యేదాకా బయట సైకిలు మీద కూర్చుని, మళ్ళీ ఇంటికి తీసుకొచ్చేవాడు. ఆయనకు బాప్తిస్మం లేదు కాబట్టి సంఘం సమాధుల తోటలో చోటు లేదన్నారు. గోడ అవతల, వాన నీళ్ళు పారే వంక పక్కన పూడ్చారు. అయ్యగారు (పాస్టరును మేం అట్లాగే అంటాం) దూరంగా నిలబడి, తల వంచుకుని, తన మోపెడ్ మీద వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి అవ్వ కనబడినవాళ్ళనల్లా ఒకటే అడిగేది: "మా ముసలాయన యాడికి పోయినాడు?" అయ్యగారిని అడిగితే ప్రార్థన చేసుకోమ్మా అన్నారు. మా నాయన లేచి బయటికి పోయేవాడు. నన్ను అడిగితే నాకు కెమిస్ట్రీ తప్ప ఏమీ రాదు. ఇట్లాంటివి చదివినవాళ్ళు ఎక్కడో ఉంటారు, చదివితే తెలుస్తుంది అనుకున్నాను. నా ఆశంతా అదే.

ఇక అర్హతల జాబితా. ఏదైనా డిగ్రీ: ఉంది. బాప్తిస్మం పొంది ఉండాలి: పన్నెండో ఏట పొందాను, జలుబు కూడా చేసింది. ఆరోగ్య ధ్రువపత్రం: దీనికి మదనపల్లెలో ఒక డాక్టరు దగ్గరికి పోయాను. ఏ ఉద్యోగానికి అని అడిగాడు. దేవుని సేవకండీ అన్నాను. అయితే ముందు మోకాళ్ళు చూడాలి అని నిజంగానే సుత్తి పెట్టి కొట్టి చూసి, బాగున్నాయని సంతకం చేశాడు. ఇంక మిగిలినవి రెండు. ఒకటి పాస్టరు సిఫారసు ఉత్తరం. రెండోది, దేవుడు నిన్ను ఈ సేవకు ఎట్లా పిలిచాడో అయిదు వందల మాటల్లో సాక్ష్యం.

నాకు పిలుపు రాలేదు. అది నాకూ తెలుసు, అయ్యగారికీ తెలుసు. సండే స్కూలు రోజుల నుంచీ ఆయనకు నేనంటే ఒక రకమైన భయం. దేవుడికి తెలుగు ఎవరు నేర్పించారు, పరలోకంలో మన పుంగనూరు మాట అర్థమవుతుందా, లేకపోతే గుంటూరు మాట మాట్లాడాలా, ఇట్లాంటివి అడిగి ఆయన ప్రసంగాల మధ్యలో చాలాసార్లు దగ్గు తెప్పించాను. ఉత్తరం కావాలని పోతే ఆయన నన్ను చాలాసేపు చూసి, పిలుపు వచ్చిందా అని అడిగారు. ఇంకా లేదండీ, చివరి తేదీకి ఇంకా పది రోజులుంది అన్నాను. ఆయన నవ్వలేదు. మూడో రోజు ఒక కవరు అతికించి ఇచ్చారు. దీపానికి ఎదురుగా పెట్టి చూశాను గానీ, ఆయన మందపు కాగితం వాడారు.

ఆ పది రోజులూ పిలుపు కోసం నేను పడిన అవస్థ పగవాళ్ళకు కూడా వద్దు. మేడ మీద ఒంటరిగా కూర్చున్నాను. కళ్ళు మూసుకున్నాను. ఒక రోజు అన్నం మానేస్తే సాయంత్రానికి కళ్ళు తిరిగాయి, అదేనేమో అనుకునేలోపు అమ్మ ఉప్పు చక్కెర నీళ్ళు పోసింది. పిలుపు వచ్చినవాళ్ళను అడిగి చూశాను. ఒక పెద్దమ్మకు జ్వరంలో వచ్చిందట, ఒకాయనకు లారీ కింద పడబోయి తప్పినప్పుడు వచ్చిందట. నాకు జ్వరమూ లేదు, లారీ కింద పడే ఓపికా లేదు. చివరికి తొమ్మిదో రోజు కూర్చుని రాసేశాను. కాలేజీ ల్యాబులో పరీక్షనాళిక పగిలిందనీ, నా చేతికి గాటైనా పడలేదనీ, ఆ నిశ్శబ్దంలో ఒక స్వరం నన్ను పేరు పెట్టి రెండుసార్లు పిలిచిందనీ. (ఇందులో ఒక్క అబద్ధం కూడా లేదు. నాళిక పగిలింది, గాటు పడలేదు, పేరు పెట్టి రెండుసార్లు పిలిచిన మాటా నిజమే. పిలిచింది మాత్రం ల్యాబ్ అటెండరు.)

ఇంటర్వ్యూ కుప్పంలో, ఒక పాత చర్చి ఆవరణలో. మా నాయన సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాతో బయల్దేరాడు. పలమనేరులో బస్సు మారి, బైరెడ్డిపల్లె మీదుగా పోతుంటే దారి పొడుగునా రాళ్ళూ, వేరుశనగ చేలూ. అమ్మ చీర కట్టుకున్నాను; కట్టుకున్నాను అనడం కంటే దాన్ని పట్టుకుని కూర్చున్నాను అనడం సబబు. అక్కడ నాలాంటి అభ్యర్థులు పదిమందికి పైగా ఉన్నారు, అందరూ మగపిల్లలే, అందరి ముఖాల్లోనూ పిలుపు వచ్చిన కళ కొట్టొచ్చినట్టు కనబడుతోంది.

లోపల ముగ్గురు కూర్చున్నారు. ఇద్దరు పెద్దాయనలు, మధ్యలో నెరిసిన జుట్టు ముడి వేసుకున్న ఒక మేడం. ఆమె నా సాక్ష్యం మొత్తం చదివి, కాగితం బల్ల మీద పెట్టి, చాలా మామూలుగా అడిగింది.

"ఆ స్వరం మగ గొంతా, ఆడ గొంతా?"

ఇంతమంది పెద్దలు ఇన్నేళ్ళుగా ఎన్నో సాక్ష్యాలు విని ఉంటారు, ఈ ప్రశ్న మాత్రం ఎవరూ వేసి ఉండరు. నాకు వెంటనే ల్యాబ్ అటెండరు గుర్తొచ్చింది. ఆమె పేరు కూడా గుర్తొచ్చింది. "ఆడ గొంతే మేడం" అనేశాను. పెద్దాయనలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకాయన పెన్ను మూత పెట్టేశాడు. మేడం మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుని, ఎంతో ఆసక్తిగా, ఇంకా చెప్పమంది. ఆమె ముఖంలో ఆ ఆసక్తి చూశాక అసలు సంగతి దాచడం నాకు చేతకాలేదు. చీర కుచ్చిళ్ళు రెండు చేతులతో పట్టుకుని, పిలిచింది అటెండరనీ, నాకు ఏ పిలుపూ రాలేదనీ, పది రోజులు ఎదురు చూశాననీ చెప్పేశాను. అప్పుడామె మా అయ్యగారి కవరు తీసి, అందులో ఉన్నది పైకి చదివింది. రెండే వాక్యాలు: ఈ అమ్మాయికి పిలుపు వచ్చిందో లేదో నాకు తెలియదు. ప్రశ్నలు మాత్రం ఎప్పటినుంచో వస్తున్నాయి.

మరి ఎందుకొచ్చావు అని ఆమె అడిగింది. తిట్టినట్టు లేదు. నాకు పుస్తకాల భాష అంతా పోయి మా ఇంటి మాట వచ్చేసింది.

"మా అవ్వ ఒగటి అడుగుతాంది మేడం. మా తాత యాడికి పోయినాడని. ఆయప్ప చర్చికి రాలేదు, మంచోడు. ఎవురూ చెప్పలేదు ఆమెకి. చదివినోళ్ళకి తెలుసుంటాదని వచ్చినా."

ఒక పెద్దాయన ఏదో చెప్పబోయి గొంతు సవరించుకున్నాడు గానీ, మేడం చెయ్యి కొంచెం ఎత్తడంతో ఆగిపోయాడు. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నేను ఇరవై ఏళ్ళుగా ఈ పాఠాలే చెబుతున్నానమ్మా. మీ అవ్వగారికి చెప్పు, నాకూ తెలియదని. తెలిసినట్టు చెప్పేవాళ్ళను నమ్మవద్దని కూడా చెప్పు" అంది.

తిరుగు బస్సులో నాయన, ఏమడిగినారని అడిగాడు. తాత గురించి అన్నాను. ఆయన బైరెడ్డిపల్లె దాటేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. ఆ తర్వాత మెల్లగా, "పలక బాగా కొడతాడని చెప్పినావా?" అన్నాడు. చెప్పలేదన్నాను. "చెప్పాల్సింది" అన్నాడు. పుంగనూరు వచ్చేదాకా మళ్ళీ కిటికీ బయటికే చూశాడు.

అవ్వ గుమ్మంలోనే కూర్చుని ఉంది. నేను చీర మార్చుకునే తీరిక కూడా లేకుండా ఆమె ముందు కూర్చుని, మేడం చెప్పింది చెప్పాను. బాధపడుతుందేమో అనుకున్నాను. అవ్వ కాసేపు నా ముఖం చూసి, "అంత సదివినామెకే తెల్దంటనా?" అంది. తెల్దంట అన్నాను. "అట్లయితే మన అయ్యగారికేం తెలుస్తాది" అని, ఎంతో నిమ్మళంగా కాళ్ళు చాపుకుంది. ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిందని అమ్మ చెప్పింది.

రెండో జాబితాలో నా పేరు వచ్చింది. కింద ఒక నిబంధన ఉంది: చేరేముందు ఏడాది పాటు ఏదైనా సంఘంలో సేవ చేసి రావాలి. మా చుట్టుపక్కల ఆడపిల్లకు అట్లాంటి పని ఇచ్చే సంఘం లేదు. అయ్యగారు పాపం మూడు చోట్ల అడిగారు. ఈలోగా బి.ఇడి. సీటు వచ్చింది. మా నాయన బలవంతం చేయలేదు. ఇ ఉండేదాంట్లో చేరితే బాగుంటాదేమో చూడమ్మా అన్నాడంతే. చేరాను. వచ్చే ఏడు పోవచ్చులే అనుకున్నాను. ఆ వచ్చే ఏడు ఉద్యోగంలోకి, ఆ తర్వాత పెళ్ళిలోకి, బదిలీల్లోకి జరుగుతూ పోయింది.

అవ్వ ఇంకో ఆరేళ్ళు బతికింది. చివర్లో అయ్యగారిని పిలిపించుకుని, తనను తోటలో పెట్టొద్దనీ, గోడ అవతల ముసలాయన పక్కన పెట్టమనీ అడిగింది. సంఘం పెద్దలు కుదరదన్నారు గానీ, ఆమె పోయాక మేం అక్కడే పూడ్చాం. అయ్యగారు ఆ రోజు ఎవరితోనూ వాదించలేదు. మోపెడ్ గేటు దగ్గర ఆపి, గోడ చుట్టూ నడిచి, ముళ్ళకంపలు దాటి వంక దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఒకే ప్రార్థనలో రెండు పేర్లూ చెప్పారు. తాత పేరు ఆయన నోట వినడం నాకు అదే మొదటిసారి. అంతా అయిపోయాక ఆయన పక్కన నడుస్తూ, ఇప్పుడు చెప్పండి అయ్యగారూ, వీళ్ళిద్దరూ యాడికి పోయినారు అని అడిగాను. ఆయన ఈసారి దగ్గలేదు. "తెల్దమ్మా. ఒగ తావునే ఉంటారులే అనుకుంటాండా" అన్నారు. ఆ మోపెడ్ ఎంతకూ స్టార్టు కాకపోతే రోడ్డు దాకా ఇద్దరం తోసుకుంటూ వచ్చాం.

నేనిప్పుడు పనిచేసే స్కూలు పలమనేరు దాటాక రోడ్డు పక్కనే ఉంది. సాయంత్రం బడి వదిలాక పుంగనూరు బస్సు కోసం నిలబడితే, ఎదురు దిక్కుకు పోయే కుప్పం బస్సు ముందు వస్తుంది. మొన్న ఏదో ఆలోచనలో ఉండి దానికి చెయ్యెత్తాను. ఆగింది. కండక్టరు తల బయట పెట్టి, "యాడికమ్మా?" అన్నాడు. కుప్పం అనబోయాను. సంచీలో దిద్దాల్సిన పరీక్ష పేపర్లు, మోకాలు ఒకటి ఈమధ్య సరిగ్గా వంగడం లేదు, పైగా ఆ చోట నాకోసం ఇప్పుడెవరూ లేరు. "ఈ పొద్దు కాదులేప్పా" అన్నాను. అతను విసుక్కుని ఈల వేశాడు. బస్సు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. అమ్మ చీర కుచ్చిళ్ళు రెండు చేతులతో పట్టుకుని కిటికీ పక్కన ఆ పిల్ల ఇంకా కూర్చునే ఉన్నట్టనిపించింది. నేను చెయ్యూపాను గానీ, తను దారి పొడుగునా వేరుశనగ చేలు చూసుకుంటూ, నా వైపు తిరగనే లేదు.