రెండో అంతస్తు కాగితం

ఒక మనిషి చదువు నా వల్ల ఆగిపోయింది. ఈ సంగతి అతనికి తెలుసు, నాకు తెలుసు. మూడో మనిషికి ఇప్పుడే చెబుతున్నాను, మీకు. ఇన్నేళ్ళూ దీన్ని మోస్తూనే వంట చేశాను, ఉద్యోగం చేశాను, పిల్ల చేత హోంవర్క్ చేయించాను. మోయగా మోయగా బరువు అలవాటవుతుందనుకున్నాను. నా మొహం, ఏమీ కాలేదు.

మాది కోస్తా నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. నాన్న బడిలో లెక్కల మాస్టారు. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమని పిలిచినప్పుడల్లా లేచి నిలబడి ఏదో ఒకటి ఒప్పుకునేదాన్ని. అమ్మ మీద విసుక్కున్నానని, ప్రార్థన ఎగ్గొట్టానని. అందరూ ఆమెన్ అనేవారు. ఎంత నిజాయితీ గల పిల్ల అని మెచ్చుకునేవారు కూడా. పెద్దదాన్ని దాచుకోవడానికి చిన్నవాటిని ఏరి ఏరి బయటపెడుతున్నానని నాకు ఎప్పుడు అర్థమైందో గుర్తులేదు. అర్థమయ్యాక కూడా మానలేదు.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న క్యాంపస్‌లో నేను ఎం.సి.ఎ. ఆఖరి సంవత్సరం. పొద్దున క్లాసు ఉంటే మధ్యాహ్నానికి బంద్. గాలి అటు నుంచి వీస్తే టియర్ గ్యాస్ ఘాటు మా వంటింటిదాకా వచ్చేది. దుకాణంలో ఎక్కువ మాట్లాడకు, మన యాస పట్టేస్తారు అని నాన్న హెచ్చరించేవారు. నన్ను ఎవరూ ఎప్పుడూ ఏమీ అనలేదు. అయినా భయం భయమే. ఆ గొడవల మధ్య నేనొక ప్రాజెక్టు నెత్తికెత్తుకున్నాను.

నెట్‌కు తగిలించిన ప్రతి కంప్యూటర్‌కూ ఒక చిరునామా ఉంటుంది. పేరు కాదు, నాలుగు సంఖ్యలు, మధ్యలో చుక్కలు. మా క్యాంపస్ మొత్తానికి మొదటి రెండు సంఖ్యలూ ఒకటే. మూడోది ఏ భవనమో చెబుతుంది, నాలుగోది ఆ భవనంలో ఏ కనెక్షనో చెబుతుంది. ఆ చిట్టా చదివితే ఎవరికైనా ఆవలింతలొస్తాయి. దాన్ని నేను స్క్రీన్ మీద ఊరుగా కట్టాను. రోడ్లు, భవనాలు, అంతస్తులు, గదులు. ఒక్కో చిరునామాకు ఒక్కో దీపం. మీటలు నొక్కుతూ తార్నాక వైపు గేటు నుంచి లోపలికి నడవచ్చు, లైబ్రరీ చుట్టూ తిరగవచ్చు, మెట్లెక్కకుండా పై అంతస్తుకు తేలవచ్చు. ఏదైనా చిరునామా కొడితే చాలు, బొమ్మ దానంతట అదే రోడ్లు పట్టుకుని వెళ్ళి ఆ గది ముందు ఆగేది. అబ్బ, ఎంత ముద్దొచ్చేదో! బయట రోడ్డు మీద ముళ్ళ కంచెలు, నా స్క్రీన్ మీద ఎవరూ ఆపని రోడ్లు. నేను గంటల తరబడి అందులోనే తిరిగేదాన్ని.

అయితే చిరునామాకు తలుపు ఉండదు. ఏ వైరు ఏ గదిలో తేలిందో ఎవరో ఒకరు తిరిగి చూసి రాసుకోవాల్సిందే. నేను నోట్‌బుక్ పట్టుకుని ప్రతి డిపార్ట్‌మెంటూ తిరిగాను. బల్లల కింద దూరాను, చున్నీ అంతా బూజు చేసుకున్నాను. అబ్బాయిల హాస్టల్ దగ్గర మాత్రం ఆగిపోయాను. ఆడపిల్లను లోపలికి రానివ్వరు కదా. అప్పుడు మల్లేశ్ నేను రాసిస్తానన్నాడు.

మల్లేశ్ నా క్లాస్‌మేట్. జనగామ దగ్గర పల్లె, రైతుల ఇల్లు. ఆ ఇంట్లో డిగ్రీ దాటిన మొదటివాడు. ఆ హాస్టల్లోనే ఉండేవాడు. ర్యాలీకి వెళ్ళి గొంతు పోయేలా నినాదాలిచ్చి, మర్నాడు పొద్దున్నే మొదటి బెంచీలో కూర్చునేవాడు. ఎప్పుడూ నోట్‌బుక్ చంకలో పెట్టుకు తిరుగుతానని నన్ను టీచరమ్మా అని ఏడిపించేవాడు. అతనికి ఒక కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది. ఆఖరి సెమిస్టర్ పాసై సర్టిఫికెట్ చూపిస్తే చాలు. ఆ సంగతి క్లాసులో మా అందరికీ తెలుసు, ఎందుకంటే తనే డబ్బా నిండా లడ్డూలు తెచ్చి పంచాడు.

కింది అంతస్తు కాగితం ఇచ్చాడు. వారం తర్వాత మొదటి అంతస్తుది ఇచ్చాడు. ఏ గదికి ఏ నంబరో, పక్కన చిన్న గది బొమ్మతో సహా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన కాగితాలు. రెండో అంతస్తు మొదలుపెట్టేలోగా గొడవలు ముదిరి హాస్టళ్ళు ఖాళీ చేయించారు. మల్లేశ్ ఊరెళ్ళిపోయాడు.

ప్రాజెక్టు రివ్యూకి మూడు రోజులే ఉంది. స్క్రీన్ మీద ఆ ఒక్క అంతస్తు చీకటిగా, ఊడిన పన్నులా కనిపించేది. నేనేం చేశానంటే, ఆ గదులకు నంబర్లు వరసగా పంచేశాను. మొదటి గదికి మొదటి నంబరు, రెండో గదికి రెండోది. అంతే. పది నిమిషాల పని. అది ఊహ అని ఎక్కడైనా రాశానా? రాయలేదు. ఆ అంతస్తు రంగు మార్చినా సరిపోయేది. రంగు మారిస్తే అందం పోతుందనుకున్నాను. రివ్యూలో మా ప్రాజెక్టు సార్ ఆ హాస్టల్ చుట్టూ నాలుగుసార్లు తిరిగి, మూడంతస్తులూ ఎలా పట్టావమ్మా, శభాష్ అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను.

హాస్టళ్ళు మళ్ళీ తెరిచాక మల్లేశే వచ్చి అడిగాడు, మిగిలింది రాసివ్వాలా అని. పరీక్షలు దగ్గరపడ్డాయి, తర్వాత చూద్దాంలే అన్నాను. ఎందుకన్నాను? నింపేశానని చెబితే నవ్వుతాడని. అంత చిన్న కారణం.

పరీక్షల ముందు అన్ని డిపార్ట్‌మెంట్లకూ ఒక మెయిల్ వచ్చింది, పరీక్షలు వాయిదా పడ్డాయని, పరీక్షల విభాగం పేరు మీద. అప్పట్లో వాయిదాలు మామూలే. అందరూ నమ్మారు, సగం మంది ఊళ్ళకెళ్ళారు. పరీక్ష రోజు హాల్లో బల్లలు ఖాళీ. మెయిల్ దొంగదని తేలింది. అది పుట్టిన చిరునామా చూస్తే మా క్యాంపస్‌దే, ఆ అబ్బాయిల హాస్టల్‌దే. విచారణకు ముగ్గురు పెద్దలను వేశారు. గది ఏదో వాళ్ళకు తెలియలేదు. మా సార్ గర్వంగా చెప్పారట, మా అమ్మాయి మ్యాప్ చేసింది, క్షణంలో చూపిస్తుంది అని.

మధ్యాహ్నం ల్యాబులో మా సార్, ఆ ముగ్గురూ నా కుర్చీ వెనక నిలబడ్డారు. చిరునామా కొట్టమన్నారు. కొట్టాను. బొమ్మ గేటు దాటింది, రోడ్డు పట్టుకుంది, హాస్టల్ దగ్గర తిరిగింది. కింది అంతస్తులో ఆగు, ఆగు అని లోపల్లోపల మొక్కుకున్నాను. పైకి లేచింది. మొదటి అంతస్తు కూడా దాటింది. రెండో అంతస్తులో ఒక గది ముందు ఆగింది. ముగ్గురిలో పెద్దాయన గది నంబరు రాసుకున్నారు. ఇది నిజం కాదండీ, నేను నింపుకున్నాను అని అప్పుడే చెప్పవచ్చు. చెప్పలేదు. ఆ గది ఎవరిదో కూడా నాకు తెలియదు, వాళ్ళు రిజిస్టరు తెప్పించి పేరు చదివేదాకా.

మల్లేశ్‌ను పిలిపించారు. చదువు మధ్యలోంచి లేచి వచ్చినట్టున్నాడు, వేళ్ళకు ఇంకు.

"ఈ గది నీదేనా?" అన్నారు పెద్దాయన.

"నాదే సార్. కని నా తాన కంప్యూటరే లేదు. నేనెట్ల పంపిస్త?"

"ఎవరి ల్యాప్‌టాప్ అయినా తెచ్చుకోవచ్చు. వైరు మాత్రం నీ గదిదే, చూడు."

మల్లేశ్ స్క్రీన్ వైపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. కోపం లేదు. లెక్కలో తప్పు దొరికిందన్నట్టు కాస్త తేలికపడ్డాడు.

"టీచరమ్మా, సెకండ్ ఫ్లోర్ కాయితం నేనియ్యనే లేదు గదా. గీ నంబర్లు ఏడికెల్లి వచ్చినయ్?"

సార్ నా వైపు చూశారు. ముగ్గురూ చూశారు.

"ఇచ్చావు కదా మల్లేశ్," అన్నాను. "మూడు కాగితాలూ నువ్వే ఇచ్చావు."

"నేనిచ్చిన్నా?"

ఆ ఒక్క మాటే అన్నాడు. నిజంగా అడుగుతున్నట్టే అడిగాడు. నేను స్క్రీన్ వైపు తిరిగాను. ఆ కాగితాలు చూపించమని ఎవరైనా అడిగి ఉంటే నా బండారం బయటపడేది. ఎవరూ అడగలేదు. మాస్టారి కూతురిని, ప్రాజెక్టులో ఫస్టు, నా మాట చాలింది.

అతన్ని హాస్టల్లోంచి పంపేశారు. ఏడాదిపాటు పరీక్షలు రాయకూడదన్నారు. కంపెనీవాళ్ళు ఏడాది ఆగుతారా? ఆగలేదు. మల్లేశ్ ఊరెళ్ళాడు, మళ్ళీ చదువుకు రాలేదు.

చాలాకాలం నాకు నేను ఒక కథ చెప్పుకున్నాను. ఆంధ్రా పిల్లను, చుట్టూ ఉద్యమం, తప్పు ఒప్పుకుంటే ఏం చేస్తారోనని భయపడి అలా అనేశానని. వినడానికి బాగుంటుంది. జాలి కూడా వేస్తుంది. కానీ ఆ మధ్యాహ్నం ఆ ల్యాబులో ఉద్యమమెక్కడుంది? నలుగురు మాస్టార్లు, ఒక మల్లేశ్, నేను. నాకు భయమేసింది బొమ్మ పోతుందని. నా రంగురంగుల ఊళ్ళో ఒక అంతస్తు అబద్ధమంటే మిగతాదీ అబద్ధమంటారని, శభాష్ అన్నాయన ఛీ అంటారని. దానికోసం ఒక మనిషిని బలిచ్చాను. ఛీ, రాస్తుంటే చెయ్యి రావడం లేదు, అయినా అదే నిజం.

నిజమైన భయం తర్వాత మొదలైంది. మల్లేశ్ హాస్టల్లో ఒక్క మాట అంటే చాలు, ఆ పిల్ల అబద్ధం చెప్పిందని. అగ్గి మీద ఉన్న క్యాంపస్ అది. వారం రోజులు తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాను. జ్వరమని అమ్మతో అబద్ధం చెప్పాను. వీధిలో కేకలు వినబడితే కిటికీ మూసేసేదాన్ని. మా ఇంటి మీద ఒక్క రాయి కూడా పడలేదు. తర్వాత నా స్నేహితురాలు చెప్పింది, హాస్టల్ పిల్లలు మల్లేశ్‌ను అడిగారట, ఆ బొమ్మ చేసింది ఆంధ్రా అమ్మాయే కదా, కావాలనే నిన్ను ఇరికించిందా అని. "ఆమెకేం తెల్వది, ఆమె జోలికి పోకుండ్రి" అన్నాడట. అంతా కడుపులో పెట్టుకున్నాడు. ఎందుకు? నాకు ఇప్పటికీ తెలియదు. అడిగే మొహం లేదు. తిట్టి ఉంటే, రాయి విసిరి ఉంటే, సరికి సరి అనుకుని బతికేదాన్నేమో.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది ఇంకా నీచం. రెండు నెలల తర్వాత నెట్‌వర్క్ చూసే ఆయన హాస్టల్ వైర్ల అసలు జాబితా నా చేతికిచ్చారు. ఆ చిరునామా ఎవరి గదిదీ కాదు. రెండో అంతస్తు చివర ఉన్న రీడింగ్ రూమ్‌ది. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. మల్లేశ్‌ది కాదనడానికి రుజువు నా చేతిలో ఉంది. ఇంకా ఆలస్యం కాలేదు, తీసుకెళ్ళి ఇస్తే అతని ఏడాది అతనికి వచ్చేది. నేనేం చేశాను? మ్యాప్‌లో దీపాన్ని చడీచప్పుడు లేకుండా రీడింగ్ రూమ్‌లోకి జరిపాను. జాబితాను ముక్కలు చేసి పారేశాను. డిస్టింక్షన్ వచ్చింది. ఇప్పుడు నేను హబ్సిగూడలో ఉంటూ చేస్తున్న ఉద్యోగం ఆ ప్రాజెక్టు చూసి ఇచ్చిందే.

ఈ మధ్య లాలాపేట్‌లో ఒక సందులోంచి స్కూటీ మీద వస్తున్నాను. స్తంభానికి నిచ్చెన వేసి, భుజాన నెట్ కేబుల్ చుట్ట వేసుకుని ఒకతను ఇళ్ళకు లైన్లు లాగుతున్నాడు. జుట్టు నెరిసింది. కింద నిలబడిన ఇల్లుగలావిడకు ఏ వైరు ఏ ఇంటిదో వేలితో చూపించి చెబుతున్నాడు. గొంతు విని గుర్తుపట్టాను. ఆపి పలకరించవచ్చు, కాళ్ళ మీద పడవచ్చు, కనీసం నిలబడవచ్చు. బండి వెనక్కి తిప్పుకుని వచ్చేశాను. ఇంత వయసు వచ్చాక కూడా.

ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. క్షమించమని అడగడానికి కాదు, మీరు క్షమించేది కూడా కాదు. మల్లేశ్ అసలు పేరు వేరు. నా పేరు రాయలేదు, ఆ ధైర్యం ఇంకా రాలేదు. మొదటిసారి ఎవరికో చెప్పానని ఊపిరి కాస్త ఆడుతోంది, ఆ మాత్రం నిజం ఒప్పుకుంటాను. కానీ అతని ఊపిరి సంగతి నాకు తెలియదు.

మల్లేశ్, ఇది నీ కంటపడితే నువ్వు గుర్తుపడతావు. నువ్వు మరిచిపోలేదు, పొరపాటు పడలేదు. రెండో అంతస్తు కాగితం నువ్వు ఇవ్వలేదు.