దిగితే ఆటో ఎక్కాల్సిందే

మా గద్వాలలో సైకిల్ పందెం పెడుతున్నారని తెలిసినప్పుడు నేను చేసిన పొరపాటు ఒక్కటే. ఆ సంగతి తరగతిలో చెప్పాను. ఆడపిల్లల బడిలో తెలుగు చెబుతాను నేను. చెప్పడం నా ఉద్యోగం, అవసరానికి మించి చెప్పడం నా అలవాటు. "పందేలకు మగపిల్లలే పోవాలా? మీరూ పేర్లివ్వండి" అని ఎనిమిదో తరగతిని ఊదరగొట్టాను. తరగతి మొత్తం కిటికీలోంచి బయటికి చూసింది. చివరి బెంచీ నుంచి ఒక గొంతు లేచింది.

"మీరు తొక్కుతరా మేడం?"

"నేనా?"

"మీరు తొక్కితే మేం గూడ తొక్కుతం. ఆఖరిదాంక తొక్కాలె మరి. నడుమల దిగితే లెక్కలేదు."

పౌరుషం అన్న మాటకు అర్థం, పర్యాయపదాలు, సొంతవాక్యం అన్నీ చెప్పేదాన్నే. నలభై నాలుగేళ్లు దాటాక దానికి మోకాళ్లతో కూడా సంబంధం ఉంటుందని మాత్రం తెలియదు. సరేనన్నాను. నలుగురు పిల్లలు పేర్లిచ్చారు. ఐదో పేరు నాది.

మా పెద్దమ్మాయి హాస్టలుకు పోతూ వదిలేసిన గులాబీ రంగు సైకిలు ఇంట్లో ఉంది. దాని ముందు బుట్టలో ఉల్లిగడ్డలు పోసుకుంటున్నాం. వాటిని దించి, గాలి కొట్టించి, పొద్దున్నే గల్లీలో సాధన మొదలుపెట్టాను. మా ఆయన అరుగు మీద చాయ్ తాగుతూ రెండు రోజులు ఓపిగ్గా చూశారు.

"పడితే ఎవరిని పిలవాలె? డాక్టర్నా, మెకానిక్‌నా?" అన్నారు మూడో రోజు.

"ముందుగాల మీరొచ్చి లేపుండ్రి. తర్వాత సంగతి తర్వాత."

పందెం ఆదివారం పొద్దున. కోట ముందు బయలుదేరి, గాంధీ చౌక్ మీదుగా పాత బస్టాండు దాకా పోయి, తిరిగి వేరే దారిన కోట దగ్గరికి రావాలి. అలా మూడు చుట్లు. మైకులో నియమం చదివారు. రోడ్లు ఎక్కువసేపు మూసి ఉంచలేం కనుక, సైకిలు దిగినవాళ్లు పందెంలోంచి దిగినట్టే. సైకిలుతో సహా వెనక వచ్చే ఆటో ఎక్కాలి.

ఆ ఆటో వైపు తిరిగి చూశాను. పదిహేనేళ్లుగా నన్ను బడికి చేరుస్తున్న ఆటోనే అది. డ్రైవరు భాయ్ నన్ను చూసి ముఖమంతా నవ్వు చేసుకున్నాడు.

"అక్కా, మీ సీటు తుడిచి పెట్టిన."

"ఇయ్యాల దాంతోని పని పడదు భాయ్."

"ఇన్షాల్లా" అన్నాడు. గొంతులో నమ్మకం అంతగా వినబడలేదు.

ఈల మోగింది. నా నలుగురు పిల్లలూ గింజలు చల్లితే లేచిన పిచ్చుకల్లా ఎటుపోయారో కనబడలేదు. మిగిలిన గుంపు వాళ్ల వెనక. గుంపు వెనక నేను. నా వెనక ఆటో, డుగ్ డుగ్ మంటూ.

గాంధీ చౌక్ దగ్గర చీరల దుకాణం పక్కన మా లెక్కల సారు నిలబడి ఉన్నారు. ఎనభై దాటాయి ఆయనకు. తెల్ల లాల్చీ, ధోవతి, చేతిలో గొడుగు. చిన్నప్పుడు ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్నానంటే అబద్ధమవుతుంది. ఆయన నేర్పారు, అంతవరకు నిజం. లెక్క తప్పితే కొట్టేవారు కాదు, తిట్టేవారు కాదు. "గోడ దిక్కు మొఖం పెట్టి నిలబడు" అనేవారు. మా తరగతి గోడకు సున్నం పెచ్చులు ఎక్కడెక్కడ లేచాయో నాకు ఇప్పటికీ కంఠస్థం. ఎక్కాలు కావు.

మా కాలంలో సారు ఎదురైతే సైకిలు మీద ఉండకూడదు. దిగి, పక్కన నిలబడి, నమస్తే పెట్టి, ఆయన దాటాకే ఎక్కాలి. ఆ పద్ధతి ఉండేది బుర్రలో కాదు, కాళ్లలో. ఆ కాళ్లు ఆరోజు నన్ను ఒక్క మాట అడగలేదు. సారు కనబడ్డారు. చూసుకునేసరికి నేను రోడ్డు మీద నిలబడి చేతులు జోడించి ఉన్నాను.

"నమస్తే సార్."

"నమస్తే, నమస్తే. ఏంది బిడ్డా, ఎందుకు దిగినవ్?"

"మీరు కనబడిండ్రు సార్."

వెనక ఆటో ఆగింది. "దిగిండ్రు గద అక్కా! రాండ్రి, ఎక్కుండ్రి" అన్నాడు భాయ్, బాధగానే.

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. మొదటి చుట్టు సగం కూడా కాలేదు. చివరి బెంచీ గొంతు చెవిలో వినబడింది. నడుమల దిగితే లెక్కలేదు.

సారు గొడుగు చాపి ఆటోకు అడ్డం పెట్టారు. "ఏం సంగతి నీది?"

"దిగినోళ్లను ఎక్కించుకునుడు నా డ్యూటీ పెద్దసార్. రూలు."

"చాతగాక దిగిందా? కింద పడ్డదా? నాకు మర్యాద ఇయ్యనీకి దిగింది. గది దిగుడెట్లయితది?"

భాయ్ తల గోక్కున్నాడు. "నాకు పని నేర్పిన ఉస్తాద్ కనబడితే నేన్ గూడ బండి ఆపుత సార్" అని ఇటూ అటూ చూశాడు. "సరే, నేనేం చూడలే. జల్ది పోండ్రి అక్కా."

"ఎక్కు బిడ్డా! మళ్ల దిగకు!" అన్నారు సారు, బడిలో అన్న గొంతుతోనే. ఎక్కాను.

రెండో చుట్టులో గాంధీ చౌక్ దగ్గరపడుతోంది. దిగొద్దు దిగొద్దు అని నా కాళ్లను నేనే బతిమాలుకుంటున్నాను. సారు అక్కడే ఉన్నారు. కాని ముఖం కనబడలేదు. గొడుగు చంకలో పెట్టుకుని, చేతులు కట్టుకుని, గోడ దిక్కు మొఖం పెట్టి నిలబడి ఉన్నారు.

నా కాళ్లు సారు ముఖం కోసం వెతికాయి. దొరక్క, తొక్కుతూనే పోయాయి. దాటాక కళ్లు మసకబారాయి. దుమ్ము పడిందని చెబుదామంటే, పందెం కోసం ఆ పొద్దునే రోడ్డంతా నీళ్లు చల్లి ఉన్నారు.

మూడో చుట్టుకు రోడ్డు మీద నేనూ ఆటో మిగిలాం.

"అక్కా, ఎక్కుతరా?"

"ఎక్క."

"ఊకెనే అడిగిన."

చౌక్ ముందర చిన్న ఎత్తు ఉంది. రోజూ ఆటోలో పోయేటప్పుడు అది ఎత్తని నాకు ఎవరూ చెప్పలేదు. నెత్తిన కూరగాయల గంపతో నడిచి పోతున్న ఒకామె నన్ను దాటింది. దాటి, వెనక్కి తిరిగి జాలిగా చూసింది. ఇక చాలు, దిగుదాం, పిల్లలు ఏమనుకుంటే అననీ అనిపించింది. అదే సమయంలో ఆ తెల్ల లాల్చీ వీపు కనబడింది. ఇంకా గోడ వైపే. తప్పు చేసింది నేను, గోడ ఆయనకు. ఎట్లా దిగుతాను? గంట ఒక్కసారి కొట్టాను. సారు తిరగకుండానే చెయ్యి పైకెత్తి ఊపారు. పో, పో అంది ఆ చెయ్యి.

పోయాను. మొదటి బహుమతి మా బడికి రాలేదు. ఆఖరి స్థానం మాత్రం పోటీ లేకుండా మాదే. నలుగురు పిల్లలూ ఎగిరి గంతులేశారు. "మేడం దిగలే! మేడం దిగలే!"

ఆ మాట గుచ్చుకుంది. "దిగిన" అన్నాను. "మొదటి చుట్టుల, మా సారు కనబడితే."

"సారు కనబడితే దిగుడేంది మేడం?" చివరి బెంచీ పిల్ల నిజంగానే అర్థంకాక అడిగింది.

చెప్పినా తెలిసేది కాదు. సైకిలు నడిపించుకుంటూ వాళ్లను గాంధీ చౌక్‌కు తీసుకుపోయాను. సారు ఇంకా గోడనే చూస్తున్నారు. పందెం అయిపోయిందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"సార్, అయిపోయింది. తిరుగుండ్రి."

మెల్లగా తిరిగారు. "ఎన్ని చుట్లు?"

"మూడు సార్. ఆఖరుకొచ్చిన. మొదటి చుట్టుల దిగిన గద, నడుమల దిగితే లెక్కలేదంటరు పిల్లలు."

సారు పిల్లలను నలుగురినీ ఒక్కొక్కరినే చూశారు. "అది లెక్కల్లకు రాదు" అన్నారు.

లెక్కల సారు అన్నాక ఇంకేముంది. చివరి బెంచీ పిల్ల తల ఊపింది.

"ఎండయితుంది, ఎక్కి పో బిడ్డా."

"మీ ముంగట ఎట్ల ఎక్కుత సార్? మీరు మళ్ల గోడ దిక్కు తిరగాలె."

"ఇంక నాతోని కాదు. మోకాళ్లు పట్టుకున్నయి" అని నవ్వారు సారు.

అంతలో డుగ్ డుగ్ వినబడింది. తుడిచి పెట్టిన నా సీటులో భాయ్ సారును చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. ఆటో కదిలింది. ఇప్పుడు నాకు ఆయన వీపే కనబడుతోంది కనుక, సైకిలెక్కి దాని వెనకే తొక్కుకుంటూ పోయాను.