గడ్డం మీది గాటు

పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకోగానే ఫొటోల మామయ్య పెన్సిలు చెక్కుకునేవాడు. గరుకు కాగితం మీద అరగదీసి మొనను సూదిలా చేసి, కిటికీ దగ్గర కూర్చుని, నెగెటివుల మీద మొహాల్లోని మచ్చలను ఒక్కొక్కటే పూడ్చేవాడు. ఎవరూ అడగక్కర్లేదు. మశూచి మచ్చల పిల్ల తన ఫొటో చూసుకుని నవ్విందంటే ఆ పూటకు ఆయన కడుపు నిండినట్టే. "మామయ్య ముందు కూర్చుంటే కాకి కూడా హంసై లేస్తుంది" అనేవారు జనం.

పరాయి సైన్యం దిగాక, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు లేనిదే ఎవరూ ఊరి వంతెన దాటకూడదన్నారు. సైన్యాన్ని ఎదిరించేవాళ్లకు దొంగ కార్డులు వేరొకరు అచ్చువేస్తే, ఫొటోలు మామయ్య ఇచ్చేవాడు. అలా పదకొండు మంది దాటారు. అవన్నీ ఆదరాబాదరాగా కడిగి ఇచ్చినవి, పెన్సిలు పట్టే తీరికే లేదు.

పన్నెండోవాడు పక్కింటి కుట్టుమిషను అక్క కొడుకు. వాడి ఫొటోకు మాత్రం ఒక రోజు గడువు దొరికింది.

"బాగా తియ్యి మామయ్యా, అమ్మకూ ఒకటివ్వాలి."

"నా చేతిలో ఏముందిరా, ఉన్న మొహమే వస్తుంది."

మర్నాడు మధ్యాహ్నం పాలమనిషి వచ్చి చెప్పింది. "వంతెన దగ్గర సిపాయి అక్క కొడుకు కార్డు చూశాడు. వాడి గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పాడు. ఈ గాటు ఫొటోలో లేదే అన్నాడు. అంతే, లాక్కుపోయారు."

మామయ్య సొరుగు తెరిచి నెగెటివును కిటికీకి ఎత్తిపట్టాడు. చిన్నప్పుడు మెట్ల మీద పడి వాడు తెచ్చుకున్న గాటు మీద సన్నటి పెన్సిలు గీతలు, ఎంతో ఓపిగ్గా గీసినవి. ఎప్పుడు గీశాడో గుర్తులేదు. చెయ్యి చేసిన పని తలకు తెలియలేదు.

అంతకుముందు అలా పట్టుకుపోయినవాళ్లలో ఒక్కరూ తిరిగి రాలేదు.

అక్క ఇంటికి వెళ్లాడు. కబురు ఆమెకు అప్పటికే చేరింది. అయినా లేచి, మంచినీళ్ల గ్లాసు ఆయన చేతికిచ్చింది. ఆయన తాగలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"ఎందుకు చెరిపావు?" అంది ఆమె.

"అందంగా ఉంటాడని, అక్కా."

"వాడు అందంగానే ఉండేవాడుగా."

ఆయన నేల చూపులు చూశాడు. తిట్టినా బాగుండేది.

"రేపటికి ఇంకో ముగ్గురివి ఇవ్వాలి. నా చేతి మీద నాకు నమ్మకం పోయింది. ఇంకెవరికీ చెప్పుకునే పని కాదిది. నిన్ను అడగకూడదనీ తెలుసు. ఒక్క పూట వచ్చి నా పక్కన కూర్చో, అక్కా. ఒక్కో మొహాన్నీ ఫొటోతో పోల్చి చూడు. ఉన్నది ఉన్నట్టుందో లేదో చెప్పు."