కూతకు జెర ఇవతల

మా మైకుసెట్ చాచా పోయిండు. మొన్న శుక్రవారం పొద్దుగాల చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీల ఒరిగిండట. గంతే. నాయిన ఫోన్ చేసి "బిడ్డా, చాచా లేడు" అన్నప్పుడు నేను కండ్లకోయల ఆఫీసు గేటు కాడ నిలవడి ఉన్న. ఎనుక హైవే మీద లారీలు ఉరుకుతున్నయ్, కాలేజీ బస్సులు హారన్లు కొడుతున్నయ్. గని నాకు జెరసేపు ఏ సప్పుడూ ఇనవడలే. సప్పుళ్లతోనే బతికినోడు, పోయేటప్పుడు చిన్న సప్పుడు గూడ చెయ్యలే చూడుండ్రి.

అలియాబాద్‌ల మా ఇంటి గోడకు ఆనుకొనే ఆయన ఇల్లు. నాయిన ఆయనను భాయ్ అంటుండె, గందుకని నాకు చాచా. షామీర్‌పేట నుంచి మేడ్చల్ దాంక పెండ్లయినా, బోనాలైనా, పీర్ల పండుగైనా, లీడర్ల మీటింగైనా ఆయన మైకే పెట్టాలె. కొత్తగ డీజేలు ఎన్ని వచ్చినా, మాట మంచిగ ఇనవడాలంటె చాచానే పిలుస్తుండ్రి.

ఆయనకొక అలవాటుండె. ఏ గదిలకు పోయినా ముందుగాల ఒక్క సప్పట కొట్టి, తల ఓరగ పెట్టి, గోడలు ఏమంటున్నయో ఇంటుండె. నేను కొత్తగ ఫ్లాట్ తీసుకున్నప్పుడు చాచాను, ఆయన పెండ్లాం చాచీని పిలిచిన. అందరు వంటిల్లు చూస్తాంటె ఈయన సక్కగ బాత్రూమ్‌లకు పోయి సప్పట కొట్టిండు. "ఓ బిడ్డా, ఈడ పాడితె నువ్వు గూడ పాటగత్తెవే!" అని లోపలికెల్లి ఒర్లుడు. "చాచా, ఇజ్జత్ తియ్యకు, బయటికి రా" అని నేను మొత్తుకున్న. అందరు పడీ పడీ నవ్విండ్రు.

ఇగ ఫంక్షన్ హాలుకు పోయిండంటె ఆయన చేసే పని చూసి తెల్వనోళ్లు పరేషాన్ అయితుండ్రి. ఇంక మంది రారు, కుర్చీలు గూడ పూర్తిగ ఎయ్యరు, ఖాళీ హాలుల మైకును కావాలని కూయిస్తుండె. వాల్యూమ్ మెల్లగ పెంచుకుంట, పెంచుకుంట పోతడు. కూయ్య్ మని అది ఒర్లుతది. వంటోళ్లు గరిటెలు ఇడిచిపెట్టి చెవులు మూసుకుంటుండ్రి. "ముసలోనికి పిచ్చి లేసిందా ఏంది" అని ఆడోళ్లు తిడుతుండ్రి. చాచా మాత్రం కండ్లు మూసుకొని, ఆ కూతతోని కలిపి తానూ సన్నగ ఈల ఏస్తుండె. "ముందుగాల మన ముందట ఏడ్వనియ్యుండ్రమ్మా. గప్పుడు మంది ముందట ఏడ్వది" అంటుండె.

అసలు మైకు ఎందుకు కూస్తదని నేనొకసారి అడిగిన. స్పీకర్ బాక్సుల నుంచి వచ్చిన సప్పుడే మళ్ల మైకులకు దూరుతది, మైకు నుంచి మళ్ల బాక్సులకు పోతది, గట్ల గిర్రగిర్ర తిరిగి పెద్దగయ్యి కూతయితదని చెప్పిండు. "తన మాట తనే ఇనుకుంట మురిసేటోడు ఆగుతడా? మా లీడర్లను చూడు. మైకు గూడ గంతే" అన్నడు. ఎలక్షన్ మీటింగులల్ల ఎన్ని గంటలు కూసున్నడో, పాపం.

ఆ వయసుల కొత్త సామాను అంటె ఎవ్వలైనా ఎనుకకు జరుగుతరు. మా చాచా ఎగవడి పోతడు. కూతలు పట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉన్నదని తెలిసిన నాటి నుంచి ఇంట్ల ఒకటే లాప్‌టాప్. దాని మీద సప్పుడు గీతలు గీతలుగ లేస్తది, పడతది. కూత వచ్చిందంటె అండ్ల ఒక్కటే గీత సన్నగ, నిటారుగ నిలవడతది. దాన్ని చాచా ముల్లు అంటుండె. ఆ ముల్లు ఉన్న కాడ మాత్రమే సప్పుడు తగ్గిస్తె కూత ఆగుతది, మాట పాడుగాదు. "ముల్లు తియ్యాలె గని కాలు కొయ్యొద్దు బిడ్డా" అని ఎన్నిసార్లు అన్నడో. "ఆ డబ్బా నాకు సవతి అయ్యింది, నా ముఖం చూసుడే బంద్ చేసిండు" అని చాచీ మా అమ్మ కాడ కూసొని ఒకటే మొర. గని ఆ డబ్బాకు రోజు దుమ్ము తుడిచేది గూడ ఆమెనే.

ఒకనాడు తెల్లారగట్ల షామీర్‌పేట చెరువు కట్ట మీద ఆయన కనవడ్డడు. తువ్వాల పరుచుకొని, ముందట లాప్‌టాప్, చేతుల మైకు. నీళ్ల మీద మంచు ఇంక లేవలే. "ఏం చేస్తున్నవ్ చాచా?" అంటె నోరు మూసుకొమ్మని సైగ చేసిండు. పక్కన కూసున్న. అవతలి ఒడ్డున ఎవ్వలో ఒకామెను పిలిచిండ్రు, తెర మీద చిన్న గుట్ట లేసి పడిపోయింది. కరీంనగర్ రోడ్డు మీద బస్సు పోయింది, అడుగున అల కదిలింది. ఏదో పిట్ట కూసింది, పైన ఎక్కడనో చుక్కలు మెరిసినయ్. దూరంకెల్లి అజాన్ వచ్చింది, గీతలన్ని మెల్లగ లేసి నిలవడ్డయ్. "ఇనవడేదాన్ని చూస్తున్న" అన్నడు చాచా. ఎంతసేపు కూసున్నమో తెల్వదు. ఎండ పడి తెర కనవడకుంట అయినంక లేసినం. గా పొద్దు నిజంగ జరిగిందా, నిద్రల చూసిన్నా అని ఇప్పటికీ అనుమానమే నాకు.

ఇగ చెప్పాల్సిన మాటకొస్త. నాయిన తల్లి, మా అవ్వ ముచ్చట.

మా ఇంట్ల ఏ ఆడపిల్ల పెండ్లయినా అప్పగింతలప్పుడు అవ్వనే పాడాలె. మా మేనత్తలందరికి పాడింది. పాట ఆమె కట్టుకున్నదే. ప్రతి చరణం చివర "బిడ్డా…" అని సాగదీస్తె, పందిట్ల కండ్లు తడవనోళ్లు ఉండకపోదురు. నా పెండ్లి కుదిరే యాళ్లకు అవ్వ గొంతుకు ఆపరేషన్ అయ్యింది. పానం దక్కింది గని గొంతు పోయింది. గుసగుసనే మిగిలింది. ఏం మాట్లాడినా "ఆ? ఏందే?" అని మేం అడుగుడు, ఆమె మళ్ల చెప్పుడు. ఇగ ఇసుగొచ్చి మాట్లాడుడే మానుకున్నది. నా పెండ్లికి పాడనని తల అడ్డం ఊపింది. నాయిన గూడ "వద్దు బిడ్డా, మంది నవ్వుతె అవ్వ తట్టుకోదు" అన్నడు. నాకు ఏడుపొచ్చింది. అవ్వ పాడకుంటె నేను గడప దాటనని మొండికేసిన. చాచా గోడ అవతలికెల్లి ఇని, మా ఇంటికొచ్చి అవ్వ ముందట కూసున్నడు. "అవ్వా, నువ్వు గుసగుసనే పాడు. ఇనిపిచ్చుడు నా జిమ్మేదారి" అన్నడు. అవ్వ సరేనని మెల్లగ తల ఊపింది.

గండిమైసమ్మ కాడ ఫంక్షన్ హాలు. చుట్టూ అద్దాలు, కింద గ్రానైటు. గసుంటి కాడ సప్పుడు ఎగిరెగిరి పడతది. గుసగుస ఇనవడాలంటె మైకును మస్తు పెంచాలె, పెంచితె కూస్తది. చాచా పొద్దుగాల్నే పోయి ముల్లు ఎనుక ముల్లు తీసుకుంట కూసున్నడు. ఎందుకైనా మంచిదని సాఫ్ట్‌వేర్‌ల కూతలను దానంతట అదే పట్టి కోసేది గూడ ఆన్ చేసి పెట్టిండు.

గదే కొంప ముంచింది. మధ్యాన్నం అప్పగింతలకు అవ్వ మైకు ముందట కూసున్నది. మొదటి చరణం ఇనవడ్డది. హాలంత గప్‌చుప్. చివర "బిడ్డా…" అని రాగం తీసింది. తీసిన రాగం తీసినట్టే మాయమయ్యింది. మళ్ల పాడింది. మళ్ల "బి…" అనంగనే గొంతు మునిగిపోయింది. ఎనుక కుర్చీలల్ల ఎవ్వలో కిసుక్కున నవ్విండ్రు. ముసలామెకు ఊపిరి సాలుతలేదు అనుకున్నరు. అవ్వ గూడ గదే అనుకున్నది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని తల దించుకున్నది. ఎందుకు పాడిపిచ్చినరా దేవుడా అనిపిచ్చింది.

చాచా కుర్చీల నుంచి లేసి స్టేజి మీదికొచ్చిండు. అంత మంది ముందట మైకు పట్టుకొని, "తప్పు అవ్వది గాదు, నాది. ఒక్క తీరుగ సాగే సప్పుడును నా మిషిన్ కూత అనుకుంటది. అవ్వ రాగాన్ని కూత అనుకొని కోసేసింది. మాఫ్ చెయ్యుండ్రి. ఒక్క పాట దాంక కూలర్లు బంద్ చేసి, జెర దగ్గరికి రాండ్రి" అన్నడు. కూలర్లు ఆగినయ్. బ్యాండోళ్లు గూడ చేతులు కట్టుకున్నరు. మంది కుర్చీలు ఇడిచి స్టేజి కిందికొచ్చి కింద కూసున్నరు, చెమటలు కారుకుంట. చాచా మైకును అవ్వ పెదాలకు ఆనిచ్చినట్టు పెట్టిండు. పోయి ఆ మిషిన్ కోతను బంద్ చేసి, సప్పుడు పెంచి తగ్గించే మిక్సర్ మీద వేలు పెట్టి కండ్లు మూసుకున్నడు.

అవ్వ నన్ను చూసింది. నేను చేతులు జోడిచ్చిన.

ఆమె మొదటికెల్లి అందుకున్నది. అవ్వ ఊపిరి తీసుకుంటె చాచా తగ్గిస్తుండు, రాగం తీస్తె లేపుతుండు. ఇంకొక్క ఇసుమంత పెంచితె అద్దాలన్ని ఒర్లుతయ్. గా అంచు మీద నిలవడ్డప్పుడు గొంతుకు ఒక మెరుపొస్తదని నాకు గప్పుడే తెలిసింది. "బిడ్డా…" అన్నది అవ్వ. ఆమె నోరు మూసినంక గూడ ఆ పిలుపు హాలుల పోలే. అద్దాల ఎంబడి, మా తలల మీదికెల్లి మెల్లగ తిరిగింది.

అవ్వ పాట ఆపి తలెత్తి బాక్సు దిక్కు చూసింది. "గా పాడింది నేనేనా కొడుకా?" అన్నది. గుసగుసగనే అన్నది, ఆఖరి కుర్చీ దాంక ఇనవడ్డది.

"నువ్వే అవ్వా" అన్నడు చాచా. మూసిన కండ్లు తెరువలే, వేలు కదపలే. చెంపల మీదికెల్లి నీళ్లు కారి మిక్సర్ మీద పడుతుంటె తుడుసుకోలే. అవ్వ తర్వాతి చరణానికి మళ్ల నోరు తెరిచింది.