ఆరని జిగురు

గల్ఫ్‌లో పదకొండేళ్లు నేను చేసిన పని ఏమిటో మా కొత్తపేట వైపు ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. హెలికాప్టర్ రెక్కలకు టేపు అంటించేవాణ్ణి అంటే నవ్వేవారు. "పుస్తకాలకి అట్టలేసినట్టాండీ?" అని అడిగాడొకాయన. నేనూ నవ్వేసి ఊరుకున్నాను.

ఆ రెక్క ముందంచుకి ఎంత గట్టి రేకు తొడిగినా అరిగిపోతుంది. ఎడారిలో హెలికాప్టర్ దిగేటప్పుడు రేగే ఇసుక దాన్ని ఆకురాయి పెట్టినట్టు గీకేస్తుంది. అంచు గరుకెక్కిన రెక్క గాలిని సరిగ్గా కొయ్యలేదు. అందుకని ఆ అంచు పొడుగునా రబ్బరులా సాగే మందపాటి టేపు వేస్తారు. దెబ్బలు టేపు తింటుంది, రెక్క బతుకుతుంది. టేపు చిరిగితే ఒలిచేసి, రెక్కని స్పిరిట్‌తో తుడిచి, ఒక్క గాలిబుడగ కూడా లేకుండా కొత్తది నొక్కాలి. టేపు అంచుల వెంట జిగురు పూసి ఒక రోజంతా ఆరనివ్వాలి. ఎగిరేటప్పుడు ఒక్క రెక్క మీద ఊడినా బరువు తేడా వచ్చి మొత్తం యంత్రం వణికిపోతుంది.

మోకాళ్లు పట్టేసి తిరిగొచ్చాక, సముద్రంలోని గ్యాసు బావుల మీదికి మనుషుల్ని తీసుకెళ్లే హెలికాప్టర్ల షెడ్డులో కాంట్రాక్టు మీద అదే పని దొరికింది. పొద్దున్నే మోటారు సైకిలు మీద జొన్నాడ వంతెన దాటి వెళ్లేవాణ్ణి. ఇక్కడ ఇసుక లేదు, పని సుఖం అనుకున్నాను. కానీ అంత వేగంతో తిరిగే రెక్కకి వాన చినుకే గులకరాయి. శ్రావణమాసంలో మూడు రోజులు ముసురు పడితే టేపు ఎలుకలు కొరికినట్టయ్యేది.

మా బావగారు ఆ బావుల్లో ఒకదాని మీద వంట చేసేవారు. నాకు పన్నెండేళ్లప్పుడు మా అక్కని చేసుకున్నారు. నాకు సైకిలు నేర్పిందీ ఆయనే, గోదావరిలో ఈత నేర్పిందీ ఆయనే. పదిహేను రోజులు సముద్రంలో, పదిహేను రోజులు ఇంట్లో. అంత మనిషికీ హెలికాప్టర్ ఎక్కాలంటే భయం. నేను షెడ్డులో చేరిన రోజున అక్క నా తల నిమిరి, "నువ్వున్నావు కదరా, ఇంక నాకు దిగులేంటి?" అంది.

ఒక ముసురు రోజు పొద్దున్న తనిఖీలో ఒక రెక్క టేపు జానెడు మేర లేచిపోయి కనిపించింది. ఒలిచేసి కొత్తది వేసి, జిగురు పూసేసరికి పదిన్నర. బయట కుండపోత. షెడ్డు లోపల కూడా రేకుల మీద చెమ్మ. మా పై అధికారి వచ్చి మధ్యాహ్నం రెండింటికి అది ఎగరాలన్నాడు.

"రేపటికి గాని ఆరదండి" అన్నాను.

ఆయన వేలితో ముట్టుకుని చూశాడు. "అంటుకోవట్లేదుగా."

"పైకి అలాగే ఉంటదండి. లోపల పచ్చిగానే ఉంటది."

"అవతల బావి మీద జనం డ్యూటీ అయిపోయి మూడు రోజులుగా పడున్నారు. హీటర్ పెట్టి ఆరబెట్టు. నీ వల్ల కాకపోతే చెప్పు, చేసేవాళ్లు బయట పదిమంది ఉన్నారు."

హీటర్ పెట్టాను. తనిఖీ కాగితంలో 'ఆరింది' అని రాసి సంతకం చేశాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని చేయించలేదు.

ఒంటిగంటన్నరకి ప్రయాణికుల గదిలో లైఫ్ జాకెట్ వేసుకుని బావగారు కూర్చునున్నారు. ఆయన వంతు ఆ రోజేనని నాకు తెలియదు. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"ఏరా, అంతా బానే ఉందా?"

"ఆయ్, బానే ఉందండి" అన్నాను.

గోదావరి సముద్రంలో కలిసే చోటు దాటగానే వానలో ఆ టేపు ఊడిపోయింది. యంత్రం వణకడం మొదలుపెట్టింది. పైలట్ గట్టివాడు, వెనక్కి తిప్పి, రాజోలు వైపు ఒడ్డున ఇసుకలో కుదేశాడు. వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు పరిగెత్తుకొచ్చి లోపలున్నవాళ్లని దించారు. అందరూ నడిచి దిగారు, బావగారు తప్ప. ఆయన వెన్నుపూస నలిగింది.

విచారణలో సంతకం ఒక్కటే మాట్లాడింది. ఆరలేదని నేను చెప్పినట్టు తనకి గుర్తు లేదన్నాడు పై అధికారి. నన్ను తీసేశారు. ఆయన్ని ఇంకా పెద్ద స్థావరానికి పంపించారని తర్వాత విన్నాను. ఆ కోపాన్ని చాలా నెలలు పెంచుకున్నాను. ఆయన్ని తిట్టుకున్నంతసేపూ నా సంగతి గుర్తు రాకుండా ఉండేది.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన వారానికి బావగారు నన్ను పిలిపించారు. మంచం మీద వెల్లకిలా పడుకుని కప్పు వైపే చూస్తున్నారు. అక్క గుడ్డ తడిపి ఆయన కాళ్లు తుడుస్తోంది.

"ఆ వేళ నిన్ను అడిగేను కదా. అప్పటికే తెలుసా నీకు?"

అబద్ధమాడొచ్చు. ఒకటి ఆడి చూశాను కదా.

"తెలుసండి."

"ఒక్క కనుసైగ చేస్తే కడుపునొప్పని ఎక్కకుండా ఆగిపోదును కదరా" అన్నారు.

నిజమే. ఆయన ఆగిపోయేవారు. మిగిలిన అయిదుగురూ ఎక్కేవారు. వాళ్ల గురించి ఆ రోజు ఆయనా అనలేదు, నేనూ అనుకోలేదు. తర్వాత అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను.

అక్క తల ఎత్తకుండానే, "లేచి వెళ్లిపోరా" అంది.

అది జరిగి నాలుగేళ్లు. ఇప్పుడు నేను రొయ్యల చెరువుల దగ్గర మోటార్లు బాగుచేస్తున్నాను. అక్క వాళ్లది రెండు వీధుల అవతల. ఆ ఇంట్లో శుభమైనా అశుభమైనా ఎవరో చెపితేనే నాకు తెలుస్తుంది.

మొన్న కొత్తపేటలో బస్సెక్కాను. తర్వాతి స్టాపులో బావగారు ఎక్కారు. నడుముకి పట్టీ, చేతిలో కర్ర. బస్సు నిండుగా ఉంది. నేను లేచి, "కూర్చోండి బావగారూ" అన్నాను.

ఆయన నన్ను చూశారు, ఆ సీటునీ చూశారు. పైనున్న కమ్మీ పట్టుకుని రావులపాలెం దాకా నిలబడే వచ్చారు. బస్సు గుంటలో పడ్డప్పుడల్లా ఆయన పళ్లు బిగించడం నాకు కనబడుతూనే ఉంది. నేనూ మళ్లీ కూర్చోలేకపోయాను.