గుహలోడు పార్ట్ టూ... కరెంటు పట్టుకుని కూర్చున్న కరీం గారు

ఇందుమూలముగా వీడియో గేములు ఆడు పిల్లలకును, వాళ్ల పక్కన చేరి "ఒక్కసారి ఇవ్వరా" అని దేబిరించు తండ్రులకును తెలియజేయడమేమనగా... పార్ట్ వన్ పూర్తి చేయనిదే పార్ట్ టూ ముట్టరాదు. పాత ఆటకు రంగులేసి కొత్త ఎడిషన్ అని అమ్మితే మూతి విరవరాదు. ఈ రెండు ముక్కలూ నాకు ఊరికే తెలియలేదు.

మా చిన్నప్పుడు... గుణదలలో మా ముందుగదిలో టీవీకి ముక్కు ఆనించి కూర్చునేవాళ్లం. నేను, సుబ్బు, బషీర్. గేమ్ కేసెట్టు వెనక ఊదాలి, బనీను అంచుతో తుడవాలి, మళ్లీ ఊదాలి. అప్పటికీ బొమ్మ రాకపోతే టీవీ నెత్తిన ఒకటి వేయాలి. అప్పుడు వచ్చేవాడు మావాడు... కత్తి పట్టుకుని గుహల్లో దూకుతూ పోయే వీరుడు. అట్ట మీద ఇంగ్లీషులో ఏదో పేరుండేది గానీ మాకెందుకు? మేం పెట్టిన పేరు గుహలోడు.

ఆటలో ఎక్కడిదాకా వచ్చామో దాచుకునే ఏర్పాటు అప్పట్లో లేదు. కరెంటు పోయిందంటే గుహలోడు మళ్లీ మొదటి గుహ గుమ్మంలో బిక్కమొహం వేసుకుని నిలబడేవాడు. ఎండాకాలం కోతల పుణ్యమా అని పార్ట్ వన్ మేం ఎప్పుడూ సగం దాటలేదు.

ఆ పాపమంతా బషీర్ నెత్తిన పడేది. వాళ్ల నాన్న కరీం గారు కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్‌లో పనిచేసేవారు. "మా అబ్బా కరెంటు తయారుచేస్తారు" అని వాడు ఒకసారి గొప్పగా అన్నాడు. ఇంకేం... తయారుచేసేవాడే ఆపుతాడు కదా!

"మీ నాన్న మళ్లీ నొక్కేశాడ్రా! చెయ్యి ఊరుకోదా ఆయనకి?" అని సుబ్బు అరిచేవాడు. బషీర్ తల దించుకునేవాడు. ఎందుకంటే వాడూ అదే నమ్మేవాడు.

ఒక ఆదివారం గవర్నర్‌పేటలో ఒక షాపు నుంచి పార్ట్ టూ అద్దెకు తెచ్చాం. అంతకుముందు ఒకసారి పార్ట్ టూ అని చెప్పి, ఎర్ర చొక్కా గుహలోడికి పచ్చ చొక్కా తొడిగి అదే ఆట అంటగట్టారు. ఇది మాత్రం అసలుది. సాయంత్రానికల్లా తిరిగి ఇచ్చేయాలి.

"ఇవాళ కరెంటు పోయిందనుకో, నువ్వు ఇంక మాతో ఆడొద్దు" అన్నాడు సుబ్బు. బషీర్ నా వైపు చూశాడు. నేను కేసెట్టు ఊదుతూ కూర్చున్నాను.

వాడు లేచి ఇంటికి పరిగెత్తాడు. వెనకే మేమూ వెళ్లాం. కరీం గారు నైట్ డ్యూటీ చేసి వచ్చి, లుంగీ కట్టుకుని మంచం మీద అప్పుడే నడుం వాల్చారు.

"కరెంటు ఆపకుండా చూడండి బాబాయ్ గారూ" అన్నాడు సుబ్బు, అర్జీ పెట్టుకున్నట్టు.

"ఎంతసేపయ్యా?"

"పార్ట్ టూ అయిపోయేదాకా అండీ."

"మరి పార్ట్ వన్ అయిందా?"

"ఏదండీ... మీరు అవనిస్తేగా!"

ఆయన నవ్వబోయి కొడుకు మొహం చూశారు. వాడి కళ్లనిండా నీళ్లు. ఆయన నవ్వు ఆగిపోయింది. "పదండి, నేనూ వస్తా" అని చొక్కా తగిలించుకున్నారు.

వచ్చి మా గోడకు ఆనుకుని కూర్చున్నారు. గుహలోడికి ఈసారి పుట్టుకతోనే రెండు కత్తులు. రెండోది ఎలా తిప్పాలో పార్ట్ వన్ చివర్లో నేర్పుతారట, మాకేం తెలుసు? సగం ప్రాణాలు దాన్ని తిప్పడం తెలియకే పోయాయి. అందుకే పైన చెప్పాను, పార్ట్ వన్ పూర్తి చేయండని.

చివరి గుహలో టీవీ అంత సాలీడు. ఆ వంతు బషీర్‌ది. వాడు దాని కాళ్లు ఒక్కొక్కటే నరుకుతున్నాడు. లైటు ఒకసారి మిణుకుమంది... టీవీలో బొమ్మ ముడుచుకుంది... మళ్లీ విచ్చుకుంది. సాలీడు కూలింది. గుహ తలుపు తెరుచుకుంది. సుబ్బు వెళ్లి కరీం గారి కాళ్లకు దణ్ణం పెట్టాడు.

ఇక్కడిదాకా చదివి లైకు కొట్టినవాళ్లు క్షమించాలి. ఆ తలుపు తెరుచుకోలేదు. అది నేను కల్పించాను... బషీర్ పెళ్లిలో మొదలెట్టి, కనిపించిన ప్రతివాడికీ ఇలాగే చెబుతూ వస్తున్నాను.

జరిగింది ఇదీ. సాలీడుకి ఇంకొక్క కాలు ఉందనగా కరెంటు పోయింది. ఫ్యాను గిరగిరా తిరిగి ఆగింది. సుబ్బూ నేనూ బషీర్ వైపు తిరిగాం. మేం నోరు తెరిచేలోపే కరీం గారు లేచారు.

"తప్పు నాదేనయ్యా. నిద్రమత్తులో, కరెంటు ఆపొద్దని ఎవరికీ చెప్పి రాలేదు. తిట్టేదేదో నన్ను తిట్టండి. వాడు నాకు చెప్పాడుగా, వాడి పని వాడు చేశాడు."

అంత పెద్దాయన అలా నిలబడితే ఏం తిడతాం? సుబ్బు గొణిగాడు... "పోన్లెండి బాబాయ్ గారూ, ఈసారి చూసుకోండి." బషీర్ జరిగి మా మధ్య కూర్చున్నాడు. మళ్లీ మొదటి గుహ నుంచి ఆడటానికి కరెంటు కోసం ఎదురుచూస్తూ.

ఆయన పని బొగ్గు మోసుకెళ్లే బెల్టు దగ్గరని, కరెంటు ఎక్కడ ఆపాలో తేల్చేవాళ్లు వేరే ఉంటారని చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు.

మొన్న ఆ ఆటే కొత్త ఎడిషన్ అని వస్తే మా అబ్బాయికి కొనిచ్చాను. అడుగడుక్కీ సేవ్ అట... ఎక్కడ ఆపితే అక్కడి నుంచే మొదలట. మంచిదే. కానీ ఇప్పుడు కరెంటు పోతే పిల్లలు తల కూడా ఎత్తడం లేదండీ... తిట్టడానికి ఎవరూ అక్కర్లేదు, ఆ తిట్లు మీద వేసుకోవడానికీ ఎవరూ అక్కర్లేదు.

మీ వీధిలో కరెంటు పోతే ఎవరిని తిట్టేవాళ్లు? కింద రాయండి... నాలాగా కల్పించకుండా.