ఒకటిన్నర మీటర్ల కోపం

జకరయ్య సారుకు కోపం ఎప్పుడు వస్తుందని ఎవరైనా అడిగితే, వాళ్లు మెదక్‌కు కొత్త అని తెలిసిపోయేది. ఎప్పుడు పోతుందని అడగాలి. అది ఎవరికీ తెలియదు.

మా ప్రాథమిక పాఠశాలలో ఆయనది మూడో తరగతి, నాది రెండో తరగతి. మధ్యన గోడ లేదు, తడిక ఉంది. ఏడేళ్లపాటు ఆ తడిక ఇవతల కూర్చుని ఆయన కోపం విన్నాను. సుద్దముక్క విరిగితే సుద్దముక్కను తిట్టేవారు. వాన వస్తే వానను, రాకపోతే మబ్బును. "గది ఎనిమిదా, పొట్ట మీద పొట్టా?" అని ఆయన అరిస్తే, తడికకు ఇవతల నా పిల్లలు కూడా పలకల మీది ఎనిమిదులు తుడిచేసుకునేవాళ్లు. చర్చిలో ఆయన ప్రార్థన చేస్తుంటే దేవుణ్ణి సంజాయిషీ అడుగుతున్నట్టే ఉండేదట. ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఆయన బల్ల మీద ఏనాడూ బెత్తం లేదు. "నోరుండంగ కట్టెతోని పనేంది?" అనేవారు.

అరవై రెండులో సేర్లు, తులాలు పోయి కిలోలు వచ్చాయి. ఆ ఏడు బడులు తెరిచిన నెలకే స్కూళ్ల ఇన్‌స్పెక్టరు ఇంద్రకరణ్ గారి దగ్గర్నుంచి ఒక కాగితం వచ్చింది. వారం రోజులు పుస్తకం ముట్టవద్దు. కొత్త కొలతలన్నీ పిల్లలు తమ చేతులతో చేసి నేర్చుకోవాలి. శనివారం తానే వచ్చి చూస్తారు.

కాగితం చదివి జకరయ్య సారు అరిచిన అరుపుకు తడిక ఊగింది.

"టీచరమ్మా, సూసిన్రా? సేరు ఏం పాపం జేసింది? మా తాత సేరుతోనే తిన్నడు. మా నాయిన సేరుతోనే తిన్నడు. సచ్చిన్రా?"

"సచ్చిపోయిన్రు గద సారూ," అన్నాను.

"గది ముసలితనంతోని! సేరుతోని కాదు!"

అంత తిట్టిన మనిషి సోమవారం అందరికంటే ముందు వచ్చారు. వెంకట్రాములు కిరాణా దుకాణం నుంచి కిలో గుండు అడిగి తెచ్చారు. కర్రకు సుతిలి తాడుతో రెండు కొబ్బరి చిప్పలు కట్టించి పిల్లల చేతే తక్కెడ చేయించారు. అందులో కిలో గుండు పెట్టగానే చిప్ప ఊడి ఆయన కాలి మీద పడింది. ఆ పూట తిట్లన్నీ కొబ్బరికాయకే. మధ్యాహ్నానికల్లా చిప్పలు పోయి వెదురు బుట్టలు వచ్చాయి. మంగళవారం, కిలో తూగే రాయి వెతికి తెమ్మని పిల్లలను వీధిలోకి తోలారు. తెచ్చిన రాళ్లను ఒక్కొక్కటే తూచి, రాళ్లను కూడా వదల్లేదు. "నువ్వు కిలోవా? నీ మొఖానికి ముప్పావు గూడ లేవు!"

బుధవారం మీటరు. పిల్లలు కాగితం పట్టీలు అతికించి గీతలు గీశారు. ఏం కొలవాలో తోచక సారునే కొలుస్తామన్నారు. ఆయన చాప మీద పడుకున్నారు. నేను తడిక పక్కనుంచి తొంగి చూశాను. పిల్లలు తల దగ్గర ఇద్దరు, కాళ్ల దగ్గర ఇద్దరు.

"సారూ, ఒకటిన్నర మీటరు మీద జర ఎక్కువ."

ఆయన దిగ్గున లేచి కూర్చున్నారు. "ఒకటిన్నరనా? నిన్నటిదాంక అయిదడుగుల రెండంగుళాలున్నోణ్ణి! ఒక్క పూటల ఒకటిన్నరకు దించిన్రు గద ఈ సర్కారోళ్లు!"

ఆ తరగతిలో ఖమర్ జహాన్ అనే పిల్ల ఉండేది. బజారులో గిన్నెలకు కళాయి పోసే బద్రుద్దీన్ కూతురు. ఆ వారంలో ఆ పిల్ల చేతికి ఏదో మంత్రం పట్టింది. రాయి ఎత్తి, కళ్లు మూసుకుని, "కిలోకు జర తక్కువ" అనేది. తూస్తే సరిగ్గా అంతే.

"అయితే నాకు తక్కెడెందుకు?" అని సారు మండిపడ్డారు. "నిన్నే తీస్కపోయి వెంకట్రాములు దుకాణంల కూసోబెడ్త!"

ఆ పిల్లను చూస్తే నాకు సంతోషంతోపాటు దిగులు కూడా కలిగేది. కొలిమి తిత్తి ఊదడానికి మనిషి లేదని, ఆడపిల్లకు ఈ చదువు చాలని, పేరు తీసెయ్యమని బద్రుద్దీన్ అప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్లాడు. మూడోసారి వస్తే ఆపడం కష్టమని మాకు తెలుసు.

శనివారం ఇంద్రకరణ్ గారు వచ్చారు. తువ్వాలలో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఒక గాజు పాత్ర తెచ్చారు. లీటరు కొలపాత్ర. పక్కన సన్నటి గీతలు. తాలూకా మొత్తానికి అదొక్కటే, సోమవారం పాపన్నపేట బడికి పోవాలి. పాత్రను బల్ల మీద పెట్టి, చెంబుతో నీళ్లు పోసి లీటరు చూపించమని ఖమర్ జహాన్‌ను పిలిచారు. పిల్ల మూడు గీతలు నింపింది. నాలుగోది నింపబోతుంటే బల్ల కదిలింది, పాత్ర జారింది. భళ్లుమంది.

"ఎవరి బిడ్డ ఇది?" ఇంద్రకరణ్ గారి మొహం ఎర్రబడింది. "ఒక్క పాత్ర! తాలూకాకు ఒక్కటే పాత్ర! పేరు కొట్టెయ్యండ్రి! తండ్రిని పిలిపించండ్రి!"

పిల్ల వెనక్కి అడుగు వేయబోయింది. చెప్పుల్లేని కాళ్లు. చుట్టూ గాజు పెంకులు.

"కదిలినవంటే కాళ్లిరగ్గొడ్త!" అని జకరయ్య సారు ఒక్క గర్జన గర్జించి, పిల్లను రెండు చేతులా ఎత్తి తన కుర్చీ మీద నిలబెట్టారు. తాను కింద కూర్చుని, పెంకులు ఏరుతూ మొదలుపెట్టారు.

"నీకు చేతులెందుకిచ్చిండు దేవుడు? గాజు పట్టుకునుడు రాదా? అసలు గాజెందుకు? పిల్లలకిచ్చేది గాజా? దునియాల ఇత్తడి లేదా? ఈ బల్లకు కాలు పొట్టి, మూడేండ్ల సంది అర్జీలు రాస్తున్న!"

"ఎవరికి రాసిన్రు?" అన్నారు ఇంద్రకరణ్ గారు.

"మీకే!"

ఇంద్రకరణ్ గారు బల్ల కాలు వైపు చూశారు.

"పేరు నేనే కొట్టేస్త! ఈమె పేరు కొట్టేస్త, తరగతి మొత్తం కొట్టేస్త! బల్లను మోసుకొచ్చినోణ్ణి నేనే, నా పేరు గూడ కొట్టేస్త! బడికి తాళమేసి తాళంచెయ్యి చెరువుల పారేస్త!"

"జర శాంతపడుండ్రి సారూ," ఇంద్రకరణ్ గారు లేచి వచ్చారు. "చిన్నపిల్ల. గాజన్నంక పగలదా? ఏడ్వకు బిడ్డా." తన చేతిరుమాలు తీసి పిల్ల చేతిలో పెట్టారు. వెళ్లేముందు బడి పుస్తకంలో ఒక్క వాక్యం రాశారు: బల్ల కాలు బాగు చేయించవలెను.

నాకు అప్పుడు తట్టింది. ఈ ఏడేళ్లలో జకరయ్య సారు తిట్టిన పిల్లల్లో ఒక్కరికీ ఇంకొకరి చేతి దెబ్బ పడలేదు. ఆయన తిట్టాక మిగిలినవాళ్లకు జాలిపడటం తప్ప ఇంకో పని ఉండేది కాదు.

ఇంతలో పాత్ర పగిలిన కబురు బజారుకు చేరింది. బద్రుద్దీన్ మసి చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇది మూడోసారి.

"సారూ, పేరు తీసె..."

"వచ్చినవా బద్రుద్దీన్!" సారు మాట పూర్తి కానివ్వలేదు. "తీస్కపో నీ బిడ్డను! గిది సదువుకునే మొఖమేనా?"

బద్రుద్దీన్ నిటారుగా అయ్యాడు. "ఏం మాటలు సారూ గివి? నా బిడ్డకేం తక్కువ?"

"లెక్క రాదు!"

"రాదా? మొన్న ఇంట్ల దేగ్చా గిన్నె ఎత్తి నాలుగు కిలోలు అన్నది. తూచిన. నాలుగే ఉన్నది!"

"అబద్ధం!"

"ఖుదా కసం!"

"ఏమైనా సరే, రేపట్నుంచి నా తరగతికి రావద్దు!"

"రేపు ఇత్వారం," అన్నాడు బద్రుద్దీన్ పళ్లు కొరుకుతూ. "సోమారం నేనే తోల్కొస్త. ఎవరు ఆపుతరో సూస్త!" కూతురి చెయ్యి పట్టుకుని విసవిసా వెళ్లిపోయాడు.

సారు వేళ్ల నుంచి రక్తం కారుతోంది. గుడ్డపీలిక చింపి కట్టు కట్టాను. "కావాలనే అన్నరు గద సారూ?"

"కావాలని అనేదేంది? కోపమొచ్చింది, అన్న! నేను మనిషిని కానా?" ముఖం పక్కకు తిప్పుకున్నారు. "గిట్లనా కట్టేది? జర గట్టిగ కట్టుండ్రి!"

సోమవారం గంట కొట్టకముందే బద్రుద్దీన్ కూతుర్ని తెచ్చి తరగతిలో కూర్చోబెట్టాడు. తాను వెళ్లలేదు. కిటికీ బయట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సారు హాజరు పట్టీ తెరిచి, దొంగను పిలిచినట్టు పిలిచారు.

"ఖమర్ జహాన్!"

"హాజర్ సార్!" పిల్ల ఆయనకంటే గట్టిగా అరిచింది.

"ఇనబడ్డదా సారూ?" కిటికీలోంచి బద్రుద్దీన్.

"చెవులు పగిలినయ్!" అన్నారు జకరయ్య సారు, టిక్కు పెట్టుకుంటూ. "కూసో!"